గుమ్మటపు రొట్టెల బట్టీ – దాని పూర్వచరిత్ర, పనిచేయు విధము

మన తెలుగువారి వంటలు నించుమించుగా నన్నియు నిప్పుమీద నుడికించునవియో, పెనముమీద కాల్చునవియో, నూనెలో వేచునవియో గాని, వేడిని నాలుగు గోడల నడుమ బంధించి యందులో నుంచి పచనము చేయునవి మిక్కిలి తక్కువ. మినపపిండితో చేయు దిబ్బరొట్టె యొక్కటి దానికి దగ్గఱగా వచ్చును. మందపాటి గిన్నెలో పిండి పోసి, క్రింద సన్నని సెగ నుంచి, మూతమీద గూడ నిప్పుకణికలు పోసినచో, ఆ రొట్టె పైనను క్రిందను సమముగా నెఱ్ఱవాఱి లోపల మెత్తగా నుడుకును. మన అమ్మమ్మలు గిన్నెలో చేసిన యీ పనినే యొక చిన్న గది ప్రమాణమునకు పెంచినచో నది రొట్టెల బట్టీ యగును.

చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె బజారులలో నేడు బేకరీలకు కొదువ లేదు. వానిలో పెక్కింటికి విద్యుత్తుతోనో, గ్యాసుతోనో, డీజిలుతోనో పనిచేయు ఇనుప పెట్టెలు వచ్చినవి. అయినను కట్టెలతో కాల్చు ఇటుక బట్టీ యంతరింపలేదు. ఈపురుపాలెము ప్రాంతపు సభ్యులు కొందఱు, ఇసుకనేలల సరుగుడు కట్టెయు, వేరుసెనగలును, లోపలి గ్రామముల జొన్నలును చేతికందునంత దూరములో నుండగా, సంఘము పక్షమున నొక బట్టీ కట్టి రొట్టెలు, బిస్కత్తులు చేసి యమ్మరాదా యని యడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. కాని బట్టీ స్వభావము నెఱుగక కట్టినవారు కట్టెలు తగులబెట్టుటకే దానిని కట్టినవారగుదురు. కావున నా స్వభావమును కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

పొయ్యికిని బట్టీకిని గల భేదము ముందు తెలియవలెను. పొయ్యిలో మంట మండునంతసేపే వంట. మంట యాఱినచో వంట నిలుచును. బట్టీలో మంట యుండగా రొట్టె పెట్టరు. రొట్టె పెట్టునప్పుడు మంట యుండదు. రెండు మూడు గంటలు లోపలనే కట్టెలు మండించి, ఆ వేడిని ఇటుకలచేత త్రాగించి, పిమ్మట నిప్పును బయటికి లాగివేసి, ఇటుకలు తిరిగి విడుచు వేడిలో రొట్టె కాల్చుదురు. ధాన్యమును గాదెలో నింపి, కావలసినప్పుడు కొలుచుకొన్నట్లే, బట్టీవాడు వేడిని ఇటుకలలో నింపి కొంచెము కొంచెముగా తీసికొని వాడుకొనును.

ఈ పని సాధారణముగా రాత్రియందు జరుగును. సాయంకాలము కట్టెలు పేర్చి యంటింతురు. బట్టీకి లోపల పొగగొట్టము లేదు. ఉన్న ద్వార మొక్కటియే. ఆ ద్వారపు క్రిందిభాగమునుండి చల్లని గాలి లోనికి పోయి, మంటను పెంచి, గుమ్మటము వెంట తిరిగి, పొగయై ద్వారపు పైభాగమునుండి వెలువడును. ఒక్క ద్వారమే కొలిమితిత్తి పనియు, పొగగొట్టపు పనియు చేయుచున్నది. ఇందువలననే ద్వారపు ఎత్తునకు నియమ మేర్పడినది. గుమ్మటపు లోపలి యెత్తులో సుమారు మూడింట రెండువంతులకు కొంచెము తక్కువగా ద్వార ముండవలెను. అంతకంటె ఎత్తయినచో వేడియంతయు పొగతో పోవును. మఱీ పొట్టిదైనచో మంట యూపిరాడక పొగలు గ్రక్కును.

మంట పెట్టిన కొంతసేపటికి గుమ్మటము లోపల మసిబాఱి నల్లనగును. వేడి పెరిగిన కొలదియు నా మసి తానే కాలిపోయి, ఇటుక మరల తెల్లవాఱును. గుమ్మటము నడినెత్తి మొదట తెల్లవాఱి, ఆ తెలుపు క్రమముగా ప్రక్కలకు దిగును. అప్పటికి ఇటుక పైముఖము సుమారు 350 సెంటీగ్రేడు డిగ్రీలు దాటియుండును. పనివాండ్రకు ధర్మామీటరు లేని లోటు దీనివలన తీఱుచున్నది. తరువాత పొడవైన ఇనుపపారతో నిప్పుల నీడ్చివేసి, గడకు కట్టిన తడి గోనెగుడ్డతో నేలను తుడిచి, ద్వారము మూసి యరగంట యటులే వదలుదురు. పని తెలియనివారు తొందరపడునది యిక్కడనే. ఇటుక పైపొర మిక్కిలి వేడిగను, లోపలి పొర తక్కువ వేడిగను ఉండును. ఆ రెండును సమమగుటకు వ్యవధి కావలెను. అది యీయనిచో రొట్టె పైన మాడి లోపల పచ్చిగా నుండును. సమమైనదో లేదో చూచుటకు గుప్పెడు పిండి నేలమీద చల్లుదురు. చల్లిన వెంటనే నల్లబడినచో నింక వేచియుండవలెను. మెల్లగా గోధుమవన్నెకు తిరిగినచో పొడవాటి కఱ్ఱతెడ్డుతో రొట్టెలు లోనికి తోయవచ్చును.

లోపల రొట్టెకు మూడు విధముల వేడి సోకును. నేల ఇటుక తాకి యడుగును కాల్చును. గుమ్మటము తాకకయే పైభాగమును కాల్చును; ఎండకాలమున సాయంకాలము డాబా గోడప్రక్క నడచినప్పుడు సూర్యుడు లేకున్నను మన చెంపకు తగులు సెగ యిట్టిదే. మూడవది, లోపల తిరుగు వేడిగాలి. రొట్టెలనుండి వచ్చు ఆవిరి ద్వారము మూసియుండుటచే బయటికి పోక, మొదటి కొద్ది నిమిషములు రొట్టె పైపొరను మెత్తగా నుంచును. అందుచే రొట్టె పగులక పొంగి, పిమ్మట పెచ్చు కట్టును. గుమ్మటపు ఆకార మిందుకే తగినది. మూలలు లేనందున వేడి నిలిచిపోక యంతట సమముగా ప్రసరించును. చదునైన కప్పు ఇటుకతో కట్టుట యసాధ్యము. గుమ్మటము తన బరువుచేతనే తాను నిలుచును.

ఒకసారి నింపిన వేడి యంతటితో నైపోదు. సుమారు 230 డిగ్రీలయందు పెద్ద రొట్టెలు, 200 ప్రాంతమున బన్నులు, 180 యందు కేకులు, అంతకంటె తగ్గిన పిమ్మట బిస్కత్తులు, చివర రస్కులు – ఈ క్రమమున నొక్క మంటతోనే నాలుగైదు వాయిలు దీయుదురు. మఱునాటి పగలు మిగిలిన వెచ్చదనమున, ఆ రాత్రికి కావలసిన కట్టెలనే లోపల పెట్టి యారబెట్టువారును గలరు.

ఇప్పుడు కొంచెము లెక్క చూతము. లోపల ఆఱడుగుల వెడల్పును, రెండడుగుల ఎత్తును గల బట్టీలో వేడి త్రాగు ఇటుక సుమారు 1,500 కిలోలుండును. ఒక కిలో ఇటుకను ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలో నీటికి కావలసిన వేడిలో ఐదవవంతు చాలును. ఆ ఇటుకల నన్నింటిని సగటున 250 డిగ్రీలు పెంచుటకు 75,000 కిలోకాలరీలు కావలెను. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకాలరీల వేడి నిచ్చునని తీసికొన్నచో, 21 కిలోల కట్టె సరిపోవలెను. కాని ద్వారమున పోవు పొగతో సగమునకు పైగా వేడి పోవును గనుక 50 కిలోలు మొదలు 60 కిలోల వఱకు కాలును. ఇక రొట్టె త్రాగునదెంత? ఒక కిలో పిండిముద్ద నుడికించి, అందలి కొంత నీటిని ఆవిరి చేయుటకు 110 కిలోకాలరీలు చాలును. 100 కిలోల ముద్దకు 11,000. అనగా మనము నింపినదానిలో ఏడింట నొకవంతు మాత్రమే!

ఈ లెక్కయందే సర్వమును ఉన్నది. కట్టె కాలునది రొట్టెకు గాదు, ఇటుకకు. ఇరువది కిలోల రొట్టె కాల్చినను, వంద కిలోలు కాల్చినను కట్టెల ఖర్చు దాదాపుగా నొక్కటే. మఱియు, నిన్న కాలిన బట్టీ నేడు సాయంకాలమునకును వందకు పైబడిన డిగ్రీల వేడితో నుండును గనుక, రెండవనాడు మొదటినాటి కట్టెలో సగము మొదలు మూడింట రెండువంతులతో పని జరుగును. వారమున కొకనాడు వెలిగించు బట్టీ ప్రతివారమును చల్లని ఇటుకతో మొదలుపెట్టవలెను. దినదినము వెలుగునదియే లాభకరము.

ఈ కారణముచేతనే రొట్టె ముఖ్యాహారమైన దేశములలో బట్టీ యొక యింటిది గాక యూరుమ్మడిది యయ్యెను. ఇంటింట పిండి కలిపికొని, ఊరి బట్టీకి తెచ్చి కాల్పించుకొనుచుండిరి. కాని బట్టీ యెవరిదను ప్రశ్న వెంటనే పుట్టినది. ఫ్రాన్సు దేశమున పెక్కు గ్రామములలో బట్టీ భూస్వామిది. రైతు తన పిండిని తన యింట కాల్చుకొనరాదు. దొరగారి బట్టీకే తేవలెను, కాల్పుకూలి క్రింద కొంతభాగము నిచ్చుకొనవలెను. బట్టీ పాడుపడినను, రొట్టె మాడినను కూలి తప్పదు. పిండిమరకును, ద్రాక్షగానుగకును ఇదే నియమము. 1789 విప్లవముతో నీ హక్కులు సడలి, 1793లో పరిహారము లేకయే పూర్తిగా రద్దయ్యెను. కట్టెలు మిగిల్చు సాధనమే, అది యొకని చేతిలో నున్నంతకాలము, రైతు గింజను పిండుకొను సాధనమైనది.

దీనికి మఱియొక వైపు గూడ చూడదగినది. బెల్జియము దేశమందలి ఘెంటు పట్టణము, మన చీరాల, ఈపురుపాలెములవలెనే, నూలును నేతను నమ్ముకొనిన యూరు. (అక్కడివి మిల్లులు, ఇక్కడివి మగ్గములు, ఆ భేదము చిన్నది కాదు.) 1880లో నచ్చటి పనివాండ్రు ‘వూరుయిట్’ అను సహకార సంఘమును నెలకొల్పిరి. ఆ సంఘము మొదలైనది రొట్టెల బట్టీతోనే. సభ్యులు ముందుగా చీట్లు కొని, ఆ చీట్లకు రొట్టె తీసికొనుచుండిరి. చీట్లు ముందే యమ్ముడుపోవుటచే, ఆ రాత్రి యెన్ని రొట్టెలు కాల్చవలెనో బట్టీవానికి సాయంకాలమే తెలియుచుండెను. బట్టీ నిండుగా నడచెను. మిగులు సభ్యులకు చేరెను. ఆ సంఘము పిదప దుకాణములను, సభాభవనమును గూడ కట్టుకొనునంతటిదయ్యెను.

ఇక ప్రాచీనత మాట. ఇటలీలో పాంపేయి పట్టణము క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయినది. త్రవ్వకములలో నొక బట్టీలో ఎనుబదియొక్క రొట్టెలు బొగ్గై, పెట్టినవి పెట్టినట్లే దొరకినవి. ఆ బట్టీ గుమ్మటమునకును నేటిదానికిని భేద మత్యల్పము. మన దేశమున రాజస్థానమందలి కాలీబంగన్ త్రవ్వకములలో, క్రీస్తునకు పూర్వము మూడవ సహస్రాబ్ది నాటి యిండ్లలో తందూరును పోలిన పొయ్యిలు బయటపడినవి. తందూరు మన బట్టీకి దాయాది. దానిలో నిప్పు అడుగుననే యుండును. రొట్టెను గోడకు అంటింతురు. హైదరాబాదు పాతనగరమున 1851 నుండి పేరుపొందిన మున్షీ నాన్ దుకాణపు నాలుగుమూలల రొట్టె యట్టి తందూరు రొట్టెయే. మన కోస్తాలో తందూరు నిన్నమొన్నటి వఱకు లేదు. గుమ్మటపు బట్టీయు లేదు. కుమ్మరి ఆవము, సున్నపు బట్టీ యుండెను గాని యవి తినుబండములకు గావు. తెలుగు బైబిలులో రొట్టె బట్టీని చెప్పవలసినచోట గూడ ‘పొయి’ అనియే వ్రాసిరి. అడవిగడ్డి పొయిలో వేయుటయేమని నేను చిన్ననాట ననుకొనుచుంటిని. కట్టె దొరకని పాలస్తీనాలో ఎండుగడ్డితోనే బట్టీ కాల్చుదురని తరువాత తెలిసినది.

గుమ్మటపు బట్టీ రొట్టెను మన దేశమున వ్యాపింపజేసినవారిలో పోర్చుగీసువారు ముఖ్యులు. 1510లో గోవాను పట్టుకొనిన పిమ్మట వారి రొట్టె యచట స్థిరపడెను. మనము ‘పావురొట్టె’ యనునది వారి భాషలో రొట్టెకు పేరైన మాటనుండి వచ్చినదే గాని, నాలుగవవంతని యర్థము కాదు. పిండి పులియుటకు తగిన మడ్డి దొరకక గోవా రొట్టెవాండ్రు కొబ్బరికల్లు పోసి పులియబెట్టిరి. కల్లులో నుండు సూక్ష్మజీవి చక్కెరను తిని వాయువును విడుచును. పిండి పొంగుట యా వాయువుచేతనే. మన తాటికల్లునకును ఈ గుణము కలదు. అయినను కల్లు ఉదయమున నొకటి, సాయంకాలమున నొకటియై పులుపు మాఱుచుండును గనుక, సమముగా రొట్టె రావలెనన్నచో బజారులో దొరకు ఈస్టే మేలు. ఆబ్కారీ నిబంధనల చిక్కును ఉండదు.

ఇప్పుడు మన గింజల సంగతి. ఇచ్చట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. పొంగు రొట్టెకు గోధుమయే కావలెను. గోధుమపిండిని తడిపి పిసికినచో సాగునట్టి జిగురు పుట్టి, వాయువును బుడగలుగా పట్టియుంచును. జొన్న, సజ్జ, రాగులలో నా జిగురు లేదు. కావున జొన్నరొట్టె పెనముమీద రుచియే గాని బట్టీలో పొంగదు. రొట్టెలు కాల్చు సంఘము మైదాపిండిని బయటినుండి కొనుచునే యుండవలెను. బిస్కత్తులకు పొంగుట యవసరము లేదు గనుక, మన చిరుధాన్యములకు చోటు వానిలోనే. సజ్జపిండి నూనెగుణము గలది. ఆడించిన కొద్దిదినములకే చేదెక్కును. దానిని ఏవారమునకు ఆవారమే ఆడించుకొనవలెను. రాగిపిండి కొంతకాలము నిలుచును. బిస్కత్తులు దీసిన వేడికి వేరుసెనగలను వేయించుకొనవచ్చును. కాని బూజుపట్టిన గింజను వేయించినచో బాగగునని తలపరాదు. ఆ బూజు విషము బట్టీవేడికి పూర్తిగా నశింపదు. ఏఱివేయుటయే మార్గము.

కట్టె విషయమున మనము భాగ్యవంతులము. సరుగుడు మన దేశపు చెట్టు కాదు. 1860 ప్రాంతములలో రైలుబండ్ల యింజనులకు వంటచెరకు కొఱకు మద్రాసు ప్రభుత్వమువారు తీరపు ఇసుకనేలలలో దానిని విస్తారముగా వేయించిరి. బరువైన కట్టె, నిలుకడగా మండును. అయితే పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీటిని ఆవిరిచేయుటకే కట్టె వేడిలో ఏడవవంతు పోవును, పొగయు నెక్కువ. టన్ను లెక్కను పచ్చికఱ్ఱ నమ్ముకొను రైతునకు నీరు లాభము. ఆ కఱ్ఱనే తన బట్టీలో కాల్చుకొను రైతునకు నష్టము. వాసములకు, కాగితపు మిల్లులకు పోగా మిగిలిన కొమ్మలు, మొదళ్లు చీల్చి, వానతగులని చోట నాలుగైదు మాసము లారవేసినచో బట్టీకి చాలును. రంగువేసిన పాత తలుపులు, పాడైన బల్లచెక్కలు చౌకగా దొరకినను వాడరాదు; ఆ పొగ రొట్టెకును, పనివానికిని హాని. పట్టణములలో కట్టెపొగ గుఱించి పట్టుదల పెరుగుచున్నది. బొంబాయి నగరపు బేకరీలు కట్టె, బొగ్గులను మాని ఆఱుమాసములలో వేఱు ఇంధనమునకు మాఱవలెనని అచటి హైకోర్టు 2025 జనవరిలో నాజ్ఞాపించినది. మన బట్టీకి గూడ ఇండ్లకు దూరమైన తావును, ద్వారము ముందు ఎత్తయిన పొగగొట్టమును ముందే యేర్పఱచుకొనుట మంచిది. 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద నమోదు గూడ చేయించుకొనవలెను.

పైన చెప్పిన ఆఱడుగుల బట్టీలో 400 గ్రాముల రొట్టెలు వాయికి సుమారు ఎనుబది పట్టును. మూడు వాయిలకు 240. వారమునకు ఆఱు రాత్రులు ఇన్ని రొట్టెలు కొనువారున్నారా? సభ్యుల యిండ్లు, టీ అంగళ్లు, విద్యార్థి వసతిగృహములు – వీరినుండి ఘెంటువారివలె ముందుగా చీట్లకు సొమ్ము తీసికొని చూడవలెను. సగమునకు మించి చీట్లు పోనిచో, ఒక చిన్న విద్యుత్ పెట్టెతో బిస్కత్తులు మాత్రము చేసికొనుట మేలని నా యభిప్రాయము. విద్యుత్ పెట్టె ఖాళీగా నున్ననాడు దానికి ఖర్చు లేదు. చీట్లు పోయినచో నిశ్చింతగా కట్టవచ్చును.

కట్టుటలో మూడు నాలుగు సంగతులు మఱవరాదు. లోపలివరుసకు సిమెంటు పనికిరాదు. ఆ వేడికి సిమెంటు తన పట్టు విడిచి పొడియగును. కుమ్మరిమన్ను, సన్నయిసుక కలిపిన అడుసుతోనే ఇటుకలు సన్నని కీలుతో పేర్చవలెను. నల్లరేగడి యెండినప్పుడు కుంచించి నెఱ్ఱెలు విడుచును గనుక కూడదు. సముద్రపుటిసుకలో ఉప్పుండును, అది చెమ్మను పీల్చి కీళ్లను పాడుచేయును. మంచినీటి ఇసుకనే వాడవలెను. నేల ఇటుకల క్రింద మాత్రము ఇసుక, ఉప్పు, గాజుపెంకులు కలిపి మందముగా పఱచుట బట్టీ మేస్త్రీల వాడుక. వేడి భూమిలోనికి దిగిపోకుండ నది కొంత యడ్డగించునని వారి నమ్మకము. ఉప్పు కన్న పొడియిసుక, గాజుపెంకుల నడుమ నిలిచిన గాలియే యా పని చేయునని నేననుకొందును. గుమ్మటము పొట్టిగా నున్నకొలదియు ప్రక్కలకు త్రోయుచుండును. ఆ త్రోపునకు చుట్టును మందమైన గోడ కట్టి, గోడకును గుమ్మటమునకును నడుమ మట్టియో, ఊకబూడిదయో కూరవలెను. ఊకబూడిద మన మిల్లులలో దొరకును; వేడి నాపుటకు దానిని మించిన చౌకసరకు లేదు. గుమ్మటము కట్టుటకు చెక్కల అచ్చు అక్కఱలేదు. తడియిసుకను కుప్పగా పోసి, నున్నగా దిద్ది, దానిమీద ఇటుక పేర్చి, కట్టడ మారిన తరువాత ద్వారమునుండి యిసుకను తోడివేయవచ్చును.

కట్టిన వెంటనే పెద్దమంట పెట్టరాదు. ఇటుకలోను అడుసులోను నున్న నీరు ఒక్కసారి ఆవిరియైనచో గుమ్మటము పగులును. రెండు వారములు నీడను ఆరనిచ్చి, ఆపైన మొదటినాడు గుప్పెడు పుల్లలతో గంటసేపు, రెండవనాడు రెండు గంటలు, ఇట్లు ఏడు దినములు మంటను పెంచుకొనుచు రావలెను. మొదటి దినములలో గుమ్మటము వెలుపలి మట్టి చెమర్చుచుండును. ఆ చెమ్మ మానిపోయి, లోపలి మసి నడినెత్తినుండి ద్వారము వఱకు విడిచిపోయిన రాత్రి పిండి కలుపవచ్చును.